స్వీయచరిత్రల్లో బడిపంతులు

తెలుగు సాహిత్యంలో బడిపంతులుకు రెండు ముఖాలున్నాయి. నాటకంలోను, నవలలోను కనిపించేది ఒకటి. స్వీయచరిత్రల్లో కనిపించేది మరొకటి. మొదటిది నవ్వు పుట్టిస్తుంది, అప్పుడప్పుడు జాలి గొలుపుతుంది. రెండవది చేతులు జోడింపజేస్తుంది. ఒకే సమాజం నుంచి, ఒకే కాలం నుంచి, కొన్ని సందర్భాల్లో ఒకే రచయిత అనుభవం నుంచి వచ్చిన ఈ రెండు ముఖాలకు ఇంత భేదం ఎందుకు? చదువు ముగించి, పట్టా పుచ్చుకొని, ఉద్యోగంలోనో వృత్తిలోనో స్థిరపడిన మనిషి జీవితంలో చిన్ననాటి ఉపాధ్యాయుని పాత్ర నిజానికి ఎంత? మన స్వీయచరిత్రలు ఈ విషయంలో చెప్పేదాన్ని ఎంతవరకు సాక్ష్యంగా స్వీకరించవచ్చు? ఈ వ్యాసంలో పరిశీలించదలచినవి ఈ ప్రశ్నలే.

ఇవి సాహిత్యానికి మాత్రమే సంబంధించినవి కావు. ఉపాధ్యాయుల నియామకాలు, బదిలీలు, పాఠశాలల విలీనం, బోధనామాధ్యమం వంటి విషయాలపై దస్త్రాలు నడిపే మాబోటి ఉద్యోగులు సెప్టెంబరు 5న గురువును స్తుతిస్తారు. మిగిలిన రోజుల్లో ఆయనను మంజూరైన ఒక పోస్టుగా లెక్కిస్తారు. స్తుతికీ లెక్కకూ మధ్య ఉన్న ఈ ఎడం కల్పనా సాహిత్యానికీ స్వీయచరిత్రకూ మధ్య ఉన్న ఎడం వంటిదే. ఒకదాన్ని అర్థం చేసుకుంటే రెండవది కొంత తేటపడవచ్చు.

ముందుగా కల్పనా సాహిత్యాన్ని చూద్దాం. పోతన భాగవతంలోని చండామార్కులు తెలుగువారికి తరతరాలుగా పరిచయమైన ఉపాధ్యాయులు. రాజు ఇచ్చే జీతం, రాజు నిర్ణయించిన పాఠ్యాంశం, రాజు పట్ల భయం, ఈ మూడూ వారి బోధనను నడిపిస్తాయి. శిష్యుడు మాత్రం వారు చెప్పని పాఠం నేర్చుకున్నాడు. కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకొని తండ్రి పరీక్షించే ఘట్టంలో ఎక్కువగా వణికినది పరీక్షకు నిలిచిన బాలుడు కాదు, పక్కన నిలుచున్న గురువులు. జీతగాడైన ఉపాధ్యాయుని ఇబ్బందిని ఇంత సూక్ష్మంగా పట్టుకున్న ఘట్టాలు తరువాతి సాహిత్యంలోనూ తక్కువే.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృతమైన రెండవ కూర్పుగా వెలువడింది. అందులో గిరీశం సెలవుల్లో వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధానుల ఇంట చేరతాడు. కొడుకు ఇంగ్లీషు చదువు మీద అవధానులకున్న ఆశ ఉద్యోగం మీది ఆశే. చదువు ఒక పెట్టుబడి, ఉపాధ్యాయుడు దానికి దళారి అన్న కొత్త కాలపు భావన ఆ ఇంట్లో వేళ్లూనుకుంది. గిరీశం దాన్ని గ్రహించాడు కనుకనే ఆ ఇంట్లో అతని మాట చెల్లింది. చిలకమర్తి ‘గణపతి’ నవలలో బడి నడిపే గణపతి మరో మెట్టు కిందికి దిగుతాడు. ఏ పనికీ కొరగానివాడు పంతులుగా కుదురుకోవడం, తనకు రాని చదువును బెత్తంతో భర్తీ చేయడం ఆనాటి వీధిబడులపై కఠినమైన వ్యాఖ్య.

కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల ఈ వరుసలో ప్రత్యేకమైనది. ఆయన దృష్టి పంతులు వింత చేష్టల మీద నిలవలేదు, చదువు అనే వ్యవస్థ మీద నిలిచింది. సుందరం అనే బాలుడు పెరిగి పెద్దవాడవుతున్న కొద్దీ తరగతులు మారతాయి, ఊళ్లు మారతాయి, దేశంలో ఉద్యమాలు వస్తాయి, ఆర్థిక మాంద్యం వస్తుంది. బడిలో నేర్చినదానికీ బతుకులో కావలసినదానికీ మధ్య దూరం మాత్రం తగ్గదు. ఈ నవలలో ఉపాధ్యాయుడు ఎవరి జీవితాన్నీ మలుపు తిప్పడు. ఒక తరం పట్టభద్రుల సామాన్యానుభవం ఇదే కావచ్చునన్న అనుమానం పాఠకునికి కలుగుతుంది. ఆ అనుమానం కలిగించడంలోనే నవల బలం ఉంది.

ఇక స్వీయచరిత్రల వైపు తిరిగితే వాతావరణం పూర్తిగా మారిపోతుంది. టంగుటూరి ప్రకాశం (1872–1957) ‘నా జీవితయాత్ర’ ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి మరణానంతరం తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను పోషించింది. పరీక్ష రుసుము కట్టే దారిలేక పట్టుచీర కుదువ పెట్టింది. అటువంటి ఇంటి బాలుణ్ణి మిషన్ పాఠశాలలో లెక్కలు చెప్పే ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేరదీశాడు. నాటకాలపై ఆయనకున్న అభిమానం, వేషాలు కట్టడంలో బాలుని నేర్పు ఇద్దరినీ దగ్గర చేశాయి. ఒంగోలు వదలి రాజమహేంద్రవరం వెళ్లేటప్పుడు నాయుడు ఆ శిష్యుణ్ణి వెంట తీసుకువెళ్లి చదువు సాగేలా చూశాడు. ఆ శిష్యుడే తరువాత ప్లీడరయ్యాడు, ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యాడు, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

ఇక్కడ విమర్శకుడు ఒక విషయం గమనించాలి. హనుమంతరావు నాయుడు లెక్కల ఉపాధ్యాయుడు. ప్రకాశం జీవితంలో ఆయన స్థానం మాత్రం లెక్కల వల్ల వచ్చింది కాదు. ఒక ఊరి నుంచి మరొక ఊరికి, పూటకూళ్లింటి నుంచి న్యాయస్థానానికి దారితీసే తొలి ప్రయాణాన్ని ఆయన సాధ్యం చేశాడు. పాఠశాల యాజమాన్యం ఆ పని ఆయనకు అప్పగించలేదు. ఏ తనిఖీ నివేదికలోనూ అది ఆయన ప్రతిభగా నమోదయ్యే అవకాశం లేదు. శిష్యుని స్మృతిలో నిలిచినది ఉద్యోగధర్మం హద్దు దాటి చేసిన ఆ పనే.

గురజాడ బాల్యంలోనూ ఇదే రీతి కనిపిస్తుంది. విజయనగరంలో చదువుకోవడానికి వచ్చిన ఆ నిరుపేద బాలునికి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు సి. చంద్రశేఖరశాస్త్రి తన ఇంట ఆశ్రయమిచ్చాడు. అక్కడే గిడుగు రామమూర్తి సహాధ్యాయి అయ్యాడు. గురజాడ తరువాత అదే సంస్థలో ఉపాధ్యాయవృత్తి చేశాడు. అంటే గిరీశాన్ని సృష్టించిన రచయిత చంద్రశేఖరశాస్త్రి అన్నం తిన్నవాడు. మంచి గురువు ఎలా ఉంటాడో తెలిసినవాడు కనుకనే గురువు వేషాన్ని అంత స్పష్టంగా గుర్తుపట్టగలిగాడని ఊహించడం అసంగతం కాదు. నాటకంలోని హాస్యాన్ని, జీవితంలోని కృతజ్ఞతను విరుద్ధాలుగా కాక ఒకే అనుభవానికి రెండు వైపులుగా చదువుకోవలసి ఉంటుంది.

ఇది తెలుగుదేశానికే పరిమితమైన విషయం కూడా కాదు. ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో మరణించాడు. అల్జీరియాలో కడు పేదరికంలో పెరిగిన ఆ పిల్లవాణ్ణి పనిలో పెట్టాలని అమ్మమ్మ భావిస్తే, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు లూయీ జెర్మేన్ ఆమెను ఒప్పించి, వేరుగా పాఠాలు చెప్పి, ఉపకారవేతనం పరీక్షకు పంపాడు. 1957లో నోబెల్ పురస్కారం ప్రకటించిన తరువాత కామూ ఆ ఉపాధ్యాయునికి కృతజ్ఞతతో ఉత్తరం రాశాడు. పురస్కార సందర్భపు ఉపన్యాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఒంగోలు కథకూ అల్జీర్స్ కథకూ పోలిక స్పష్టం. తండ్రి లేని ఇల్లు, ఆదాయం చాలని కుటుంబం, నిబంధన అడగని సహాయం.

అయితే చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక సంకోచం తప్పదు. స్వీయచరిత్ర రాసేవాడు గమ్యం చేరినవాడు. కొండ మీది నుంచి వెనుదిరిగి చూసేవానికి తాను ఎక్కి వచ్చిన మెట్లే కనిపిస్తాయి. మధ్యలో జారిపడినవారు కనిపించరు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉన్న కాలంలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులయ్యారు. ఒక పాఠశాలలో ఒక పండితుని చుట్టూ ఇందరు కవులు రూపొందడం సామాన్య విషయం కాదు. కాని ఆ తరగతుల్లోనే వారి పక్కన కూర్చున్న మిగిలిన పిల్లలు గుమాస్తాలుగానో, కరణాలుగానో, రైతులుగానో జీవించి ఉంటారు. అదే గురువు, అదే పాఠం. వారి మాట మనకు వినిపించదు, వారు పుస్తకం రాయలేదు కనుక. ఒకరిద్దరి కీర్తిని గురువు ఖాతాలో వేసేవారు తక్కినవారి అనామకత్వాన్ని ఎవరి ఖాతాలో వేస్తారు?

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ను 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తిరుత్తణిలో పుట్టి, తిరుపతి, వెల్లూరు మిషన్ విద్యాలయాల్లో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లిన ఆయన తత్త్వశాస్త్రాన్ని ఎన్నుకోవడానికి కారణం ఏ గురువూ కాదు. పట్టా పుచ్చుకున్న బంధువొకరు తాను చదివిన తత్త్వశాస్త్ర గ్రంథాలు ఆయనకిచ్చాడు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని విద్యార్థికి ఆ పుస్తకాలే దారి నిర్ణయించాయి. ఈ సంగతిని ఆయన తన ఆత్మకథాత్మక వ్యాసంలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఉపాధ్యాయ దినోత్సవానికి మూలపురుషుడే తన వృత్తి ఎంపికను యాదృచ్ఛికతకు అప్పగించడం గమనార్హం.

అంతమాత్రాన ఆయన జీవితంలో ఉపాధ్యాయుల పాత్ర లేదని కాదు. మిషన్ విద్యాలయాల్లోని అధ్యాపకులు హిందూమతంపై చేసిన విమర్శ ఆయనను కలవరపెట్టింది. ఆ విమర్శకు సమాధానం వెదకే క్రమంలోనే వేదాంత నీతిశాస్త్రంపై ఎం.ఏ. పరిశోధన వ్యాసం పుట్టింది. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నవాడు అదే కళాశాలలో తత్త్వశాస్త్రం చెప్పే ఎ.జి. హాగ్ అనే క్రైస్తవ అధ్యాపకుడు. తన నమ్మకానికి ఎదురుగా నిలిచిన రచనను యోగ్యత చూసి గౌరవించడం ఆయన గొప్పతనం. విద్యార్థిలో విభేదించే శక్తిని పెంచి, ఆ విభేదాన్ని శిక్షించకపోవడం కూడా బోధనలో భాగమేనని ఈ ఉదంతం తెలుపుతుంది.

విభేదం సజావుగా సాగిన సందర్భాలు అరుదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ మన స్వీయచరిత్రల్లో అగ్రశ్రేణికి చెందిన రచన. వేదశాస్త్రాలు పరంపరగా వస్తున్న ఇంట పుట్టిన శ్రీపాదకు తెలుగుపై మమకారం కలిగింది. ఆ ఇంటి దృష్టిలో తెలుగు రచన పండితునికి తగిన పని కాదు. పెద్దలు నిర్ణయించిన చదువుకూ తనకు ఇష్టమైన చదువుకూ మధ్య నలిగి, చివరికి రెండవదాన్ని ఎంచుకున్నాడు. తెలుగు కథకు ఆయన చేసిన మేలు ఆ తిరుగుబాటు ఫలం. అయితే ఆయన వాక్యంలోని బిగువు, శబ్దంపై అధికారం తాను కాదని వచ్చిన ఆ చదువు నుంచే రాలేదా? గురుకులం శిష్యుణ్ణి పోగొట్టుకుంది. తాను పెట్టిన ముద్రను పోగొట్టుకోలేదు. తొలి చదువు ప్రభావం అంగీకారం ద్వారా మాత్రమే కాక నిరాకరణ ద్వారా కూడా పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

గుఱ్ఱం జాషువ ‘నా కథ’ మరొక చేదు నిజాన్ని ముందుంచుతుంది. వినుకొండ ప్రాంతంలో పుట్టిన ఆయనకు బడి అంటే అక్షరంతోపాటు కుల అవమానం పరిచయమైన చోటు కూడా. తరువాత ఆయనే ఉపాధ్యాయుడై తెలుగు బోధించాడు. ప్రకాశానికి తలుపు తెరిచిన బడి జాషువకు గడప దగ్గరే అడ్డుపడింది. రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుగుదేశపు బడి చరిత్ర పూర్తి అవుతుంది. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు పిల్లవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు కావడం కేవలం నాటకీయమైన మలుపు కాదు. స్వీయచరిత్రలో ఇంకా రాయడానికి వీలులేని జీవితాన్ని కల్పన ముందుగా రాసి చూపింది. ఇక్కడ కల్పన పంతులును ఎగతాళి చేయలేదు, చదువును ఎగతాళి చేయలేదు. ఎవరికి ఏది దక్కలేదో వారి సాహిత్యం దాన్ని నవ్వులాటగా చూడదు.

ఇంతవరకు చూచిన రచనల్లో ఉపాధ్యాయుని ప్రభావమంతా మనసుకు, సహాయానికి, సంస్కారానికి సంబంధించినదే. మరొక ప్రభావం ఉంది. దాన్ని ఏ స్వీయచరిత్రకారుడూ గొప్పగా చెప్పుకోడు; ప్రతి ఉద్యోగి సేవాపుస్తకంలోనూ అది కనిపిస్తుంది. జనన నమోదు సక్రమంగా లేని కాలంలో బడిలో చేర్చుకునే రోజున పిల్లవాని పుట్టిన తేదీని వేసినవాడు చాలా ఊళ్లలో పంతులే. తుఫాను సంవత్సరమో, కరువు కాలమో తల్లిదండ్రులు చెబితే, దాన్ని బట్టి ఆయన ఒక తేదీ వేసేవాడు. చేరికల రిజిస్టరులోని ఆ తేదీ పదవతరగతి ధ్రువపత్రంలోకి, అక్కడి నుంచి సేవాపుస్తకంలోకి నడిచివచ్చింది. కేంద్రప్రభుత్వ నియమాల ప్రకారం ఉద్యోగంలో చేరిన అయిదేళ్లలోపు కోరితే తప్ప దాన్ని మార్చుకునే వీలు లేదు. ఒక ఉద్యోగి పోటీపరీక్షకు ఎన్నిసార్లు కూర్చోగలడో, ఏ పదోన్నతికి అందుకోగలడో, ఏ నెలాఖరున విరమిస్తాడో నిర్ణయించినది చాలామంది విషయంలో ఊరి పంతులు కలమే. గురువు ప్రభావాన్ని గురించిన ఉపన్యాసాలన్నింటికంటె ఈ ఒక్క గడి ఎక్కువ నిజాయితీగా మాట్లాడుతుంది.

ఇక భాష సంగతి. తొలి ఉపాధ్యాయుడు ఏ భాషలో మాట్లాడతాడన్నది పిల్లవాని భవిష్యత్తును పాఠ్యాంశం కంటె ముందుగా ప్రభావితం చేస్తుంది. నిజాం పాలనలోని తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల మాధ్యమం ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య కూడా ఉర్దూలోనే సాగేది. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి పట్టా వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివాడు. తరువాత తెలుగు ఆచార్యుడయ్యాడు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందాడు. బడి ఇవ్వని తెలుగును ఆయనకు ఇచ్చినవి వీధిబడి, హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు. 1901లో హైదరాబాదులో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు అటువంటి తరానికంతటికీ రెండవ బడిగా పనిచేశాయి. ఉర్దూ ఆయనకు నష్టం చేయలేదు, గజల్‌ను తెలుగులోకి తెచ్చే సామర్థ్యం ఇచ్చింది. బడి భాష వేరయినా ఊరంతా తెలుగు బడిగా ఉండటం ఆయన అదృష్టం.

ఈ వ్యాసం రాస్తున్న స్మృతి నగర్ పరిస్థితి వేరు. భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఆ కర్మాగారం చుట్టూ సెక్టార్ల వారీగా పట్టణం వెలిసింది. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో పాటు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగువారు రాయపూర్ రైలుమార్గం మీదుగా ఇక్కడికి చేరారు. కర్మాగారమే పాఠశాలలు నడిపింది. కాలక్రమంలో ఉద్యోగుల సంఖ్యతోపాటు ఆ పాఠశాలల సంఖ్యా తగ్గింది. అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్‌లో భాగమైంది. క్వార్టర్లు ఖాళీచేసి సొంత ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు స్మృతి నగర్ వంటి కాలనీల్లో స్థిరపడ్డాయి.

ఈ కుటుంబాల్లో మూడు తరాల చదువు మూడు తీరులుగా కనిపిస్తుంది. మొదటి తరం ఊరి బడిలో తెలుగులో అక్షరాలు దిద్ది, కొలిమి ముందు హిందీ నేర్చుకుంది. రెండవ తరం కర్మాగారపు పాఠశాలలో హిందీలోనో ఇంగ్లీషులోనో చదివి ఇంజనీర్లు, వైద్యులు, ఉద్యోగులు అయింది. ఆ పాఠశాలల ఉపాధ్యాయులకు ఆ తరం చెల్లించే కృతజ్ఞత న్యాయమైనదే; వారి జీవితాలకు అక్కడే పునాది పడింది. మూడవ తరానికి తెలుగు వినిపించే భాష మాత్రమే, కనిపించే భాష కాదు. తాతగారు దాచుకున్న ఉత్తరాలు ఇంట్లోనే ఉంటాయి; వాటిని చదవగలిగినవారు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నారాయణరెడ్డికి దొరికిన హరికథ, వీధిబడి, గ్రంథాలయం ఇక్కడి పిల్లవానికి దొరకవు. బడి వృత్తిని ఇచ్చింది; భాషను ఇవ్వడం దాని బాధ్యతగా ఎవరూ రాయలేదు. ఈ లోటును ఉపాధ్యాయుల మీద నెట్టడం అన్యాయం. పండుగ సభల్లో ప్రసంగాలతో సరిపెట్టుకోకుండా వారానికి ఒక గంట అక్షరాలు దిద్దించే ఏర్పాటు చేసుకోవలసినది తెలుగు కుటుంబాలే.

మన లోటును చెప్పుకునేటప్పుడు పక్కవారి లోటునూ చూడాలి. ఇదే రాష్ట్రంలో బస్తరు ప్రాంతపు గోండీ, హల్బీ పిల్లలు తమ ఇంటి మాట వినిపించని బడిలోనే తొలి అడుగు పెడుతున్నారు. వారికి అది వలస వచ్చిన ఊరు కాదు, సొంత గడ్డ. ఈ సందర్భంలో స్మరించవలసినవాడు గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆయన చరిత్ర బోధించాడు, ముఖలింగం శాసనాలు చదివాడు. పరిసరాల కొండల్లోని సవరల భాషను శ్రమపడి నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు సొంత ఖర్చుతో పెట్టాడు. 1931లో ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. శిష్యుడు గురువు భాష నేర్చుకోవడం లోకరీతి. గురువు శిష్యుని భాష నేర్చుకోవడం గిడుగు చూపిన దారి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా మాత్రమే తలచుకుంటే ఆ దారిలో సగమే గుర్తుంచుకున్నట్లు.

గిడుగు చరిత్రలోనే ప్రభుత్వోద్యోగికి ఉపయోగపడే మరొక పాఠం ఉంది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె.ఎ. యేట్సు తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నను తోసివేయకుండా గురజాడ, గిడుగు, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు చేపట్టారు. వ్యావహారిక భాషోద్యమానికి అది ఒక ఆరంభం. తనిఖీకి వచ్చిన అధికారి హాజరుపట్టీ చూసి సంతకం చేసి పోకుండా ఉపాధ్యాయులతో కూర్చుని ఒక ప్రశ్న వేశాడు. అధికారి చేయగల మేలు కొన్నిసార్లు అంత చిన్నది, అంత పెద్దది.

ఈ రచనల నుంచి తేలే నిర్ణయం ఏమిటి? ఉపాధ్యాయుడు పట్టభద్రుని వృత్తిని నిర్ణయిస్తాడని చెప్పడానికి మన స్వీయచరిత్రలు తగినంత సాక్ష్యం ఇవ్వవు. తల్లి కుదువ పెట్టిన చీర, బంధువు ఇచ్చిన పుస్తకాలు, పుట్టిన కులం, బడి భాష, కాలపు ఆర్థికస్థితి, ఇవన్నీ ఆ నిర్ణయంలో పాలుపంచుకున్నాయి. ఉపాధ్యాయుడు చేసిన పని దీనికంటె పరిమితమైనది, అందువల్లనే నమ్మదగినది. మూసి ఉన్న ఒక తలుపును ఒక సమయంలో తెరిచాడు, లేదా తెరుచుకోకుండా నిలబడ్డాడు. ఆ తరువాత నడక శిష్యునిది. కల్పనా సాహిత్యం తలుపు దగ్గర నిలుచున్న మనిషిని చూసి నవ్వింది. స్వీయచరిత్ర తలుపు దాటిన తరువాత వెనుదిరిగి నమస్కరించింది. రెండూ ఆ మనిషినే చూశాయి, వేరువేరు వేళల్లో.

ఆ మనిషి చేసిన మేలు దాదాపు ప్రతిచోటా ఉద్యోగధర్మం హద్దుకు అవతల జరిగింది. ఇంట్లో పెట్టిన అన్నం, సెలవురోజు చెప్పిన పాఠం, అమ్మమ్మతో మాట్లాడిన మాట, కొండ భాష నేర్చుకోవడానికి వెచ్చించిన సంవత్సరాలు. ఉత్తర్వు జారీచేసి వీటిని రప్పించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. వీటికి కావలసిన తీరికను, నిలకడను కాపాడటం మాత్రం సాధ్యమే. 2009 విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను ఉపాధ్యాయులను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప ఇతర విద్యేతర విధులకు నియమించరాదంటుంది. వీలైనచోట కనీసం అయిదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. ఈ రెండు వాక్యాలను అక్షరాలా పాటిస్తే చాలు, ఉపాధ్యాయుణ్ణి గౌరవించడంలో సగం పని పూర్తయినట్లే.

మిగిలిన సగం రచయితలది. ప్రసిద్ధులు తమ గురువులను గురించి రాశారు. 31 సంవత్సరాలు విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు వంటివారు కథకులుగా నిలిచారు గాని, తరగతి గదిలో తమ ముందు కూర్చున్నవారిలో ఎవరు ఏమయ్యారన్నది ఉపాధ్యాయుని వైపు నుంచి విస్తృతంగా రాసిన గ్రంథం తెలుగులో అపురూపం. శిష్యుడు గురువును తలచుకున్న పుస్తకాలు ఒక అరను నింపితే, గురువు తన శిష్యులను, ముఖ్యంగా చదువు మానేసిన శిష్యులను తలచుకున్న పుస్తకం కోసం ఆ పక్కనే ఇంకా చోటు ఖాళీగా ఉంది. విశ్రాంత ఉపాధ్యాయులు అటువంటి రచనకు పూనుకుంటే, స్వీయచరిత్ర ఇప్పటిదాకా చెప్పని సగం కథ చరిత్రకు అందుతుంది.